సరిహద్దు ఊళ్లో ఉంటూ తెలుగు దెయ్యాల కథలు రాసి, సొంతంగా అచ్చేసుకుని నిలబడడం ఎలా?

బరంపురం, రాయగడ, గుణుపురం, అప్పుడప్పుడు జయపురం నుంచి కూడా నాకు ఫోన్లు వస్తుంటాయి. ప్రశ్న దాదాపు ఒక్కటే: "ఒడిశాలో ఉండి తెలుగులో భయానక కథలు రాస్తే ఎవరు వేస్తారు, ఎవరు కొంటారు? మనమే వేసుకుంటే బతకగలమా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా మొత్తం ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది.

ముందే చెప్పవలసిన మాట ఒకటి ఉంది. మొదటి మూడేళ్లు దీనితో ఇల్లు గడవదు. ఉద్యోగమో, దుకాణమో, ట్యూషనో ఉంటే వదలకండి. అప్పు చేసి పుస్తకం వేయకండి. నేను పర్లాకిమిడిలో ఒక మందుల దుకాణం లెక్కలు చూసుకుంటూ ఆరు పుస్తకాలు వేశాను. నాలుగో పుస్తకం నుంచి అచ్చు ఖర్చు ముందు పుస్తకాలు తెచ్చిన డబ్బుతోనే సరిపోతోంది. ఈ పనిలో నిలబడడమంటే నా దృష్టిలో అదే: ఒక పుస్తకం తరువాతి పుస్తకాన్ని పోషించాలి, చదివేవాళ్లు ఏటా పెరగాలి.

కావలసినవి

- రెండు రూళ్ల నోటుపుస్తకాలు. ఒకటి భయాలకు, ఒకటి లెక్కలకు.
- యూనికోడ్‌లో తెలుగు టైపు చేయగల కంప్యూటర్ (యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్లోనైనా, ఫోనులోనైనా చదవగల అక్షరాల పద్ధతి). లేకపోతే ఫోను కూడా చాలు, కానీ మెడ నొప్పికి సిద్ధపడాలి.
- మీరు చదువుతుంటే వినడానికి ఇద్దరు: ఒకరు అరవై దాటినవారు, ఒకరు ఇరవై లోపువారు.
- అచ్చుతప్పులు పట్టగల ప్రూఫ్ రీడర్ ఒకరు. ఆ పని మీరే చేసుకోకూడదు.
- పోయినా ఇంట్లో ఎవరి ఫీజూ ఆగనంత డబ్బు, ఇరవై వేల రూపాయల వరకు.
- బ్యాంకు ఖాతా, పాన్, ఆధార్.
- మొదటి పుస్తకానికి ఏడాదిన్నర సమయం.

1. భయాల పద్దు మొదలుపెట్టండి

కథ రాయడానికి ముందు ఆరు నెలలు, చుట్టుపక్కల వాళ్లు చెప్పే భయాలను మొదటి నోటుపుస్తకంలో రాసుకోండి. ఎవరు చెప్పారు, ఏ ఊళ్లో, ఏ కాలంలో, ఏం వినిపించింది, ఏం కనిపించింది, అప్పుడు చేతిలో ఏముంది. ఒక్కొక్క సంగతికి అరపేజీ మించనివ్వకండి. సొంత వ్యాఖ్యానం వద్దు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో వరదలు వచ్చాయి, కొండచరియలు విరిగిపడ్డాయి. ఆ రాత్రి గురించి మా వీధిలో అడిగినప్పుడు గాలి హోరు గురించి చెప్పినవాళ్లు తక్కువ. గాలి కాసేపు తగ్గినప్పుడు కమ్ముకున్న నిశ్శబ్దం గురించి, అందులో ఎక్కడో ఒక పశువు మెడగంట ఆగి ఆగి మోగడం గురించి ముగ్గురు వేర్వేరుగా చెప్పారు. నా పద్దులో తుపాను గురించి ఆ గంట తప్ప ఇంకేమీ లేదు. దాని మీద ఒక కథ నిలబడింది.

వెతకవలసిన చోట్లకు కొదవ లేదు. 1900లో మొదలైన నౌపడా–పర్లాకిమిడి చిన్న రైలు, దాని స్టేషన్ల చుట్టూ అల్లుకున్న కబుర్లు ఉన్నాయి. మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న శ్మశానాలు, మహేంద్రగిరి మీద భీముడి గుడి, కుంతి గుడి, గోపాలపూర్‌లో పాత రేవు, కోరాపుట్ కొండల్లో పొగమంచు, కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో ఒకదాని వెంట ఒకటి వచ్చే సొరంగాలు ఉన్నాయి. భాష కూడా ఒక గనే. మనం "గాలి సోకింది" అంటే పక్కింటి ఒడియా వాళ్లు దాన్ని వేరే మాటతో చెబుతారు. ఇక్కడ చిల్లంగి (చేతబడి) అనే భయాన్ని అక్కడ డాహాణి అంటారు. ఒకే భయం ఇల్లు మారగానే పేరెలా మార్చుకుంటుందో పద్దులో రాసుకోండి. హైదరాబాదులో కూర్చుని రాసేవారికి ఇది చేతికందదు.

ఎక్కువమంది చేసే తప్పు: సినిమాలో చూసిన పాడుబడ్డ బంగళా, గజ్జెల చప్పుడు, తెల్లచీర తెచ్చి మన ఊరి పేరు తగిలించడం.

సరిచూసుకోవడం: కథలో రాయగడ అని ఉన్న చోట నెల్లూరు అని పెట్టి చదవండి. కథకు ఏ లోటూ రాకపోతే మీరు రాయగడను వాడుకోలేదన్నమాట. మళ్లీ పద్దు తెరవండి.

2. బతికున్న మనిషిని దెయ్యం చేయకండి

ఇది హెచ్చరిక. దీన్ని దాటవేసి ముందుకు వెళ్లవద్దని బతిమాలుకుంటున్నాను.

మన ఏజెన్సీ పల్లెల్లో చిల్లంగి పెట్టిందన్న నెపంతో ఒంటరి ఆడవాళ్లను కొట్టారు, ఊరు వెళ్లగొట్టారు, చంపారు కూడా. ఒడిశాలో 2013లో దీని మీద ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. అలాంటి చోట ఉంటూ, ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె రాత్రిళ్లు పిల్లల రక్తం తాగుతుందని ఒక కథ రాస్తే, అది కథగానే ఆగుతుందన్న భరోసా లేదు. ఆ గుడిసె గుర్తులు, ఆ చింతచెట్టు, ఆమె కుంటికాలు కథలో యథాతథంగా ఉంటే చదివినవాడి చూపు నేరుగా ఆమె మీదికే వెళుతుంది.

అందుకని కులం, వీధి, శరీరపు గుర్తులు, బంధుత్వం అన్నీ మార్చండి. అంతకన్నా మంచి దారి ఇంకొకటి ఉంది. అనుమానించిన ఊరి వైపు నుంచి కాక, తలుపు వేసుకుని లోపల కూర్చున్న ఆమె వైపు నుంచి రాయండి. బయట పదిమంది కాళ్ల చప్పుడు. అందులో ఒక గొంతు తను పాలిచ్చి పెంచిన పిల్లవాడిది. అంతకన్నా భయంకరమైన దెయ్యం నాకు తెలియదు.

సవర గిరిజనుల నమ్మకాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. వారి సంప్రదాయంలో చనిపోయినవారు పూజారి నోట తమవారితో మాట్లాడతారు. అది వాళ్ల దుఃఖానికీ ప్రేమకూ సంబంధించిన విషయం. మన కథకు అలంకారంగా ఎత్తుకురావడం తప్పు. నిజంగా అవసరమైతే సవర మిత్రులెవరికైనా చదివి వినిపించి, వద్దంటే తీసేయండి. నేను రెండు కథలు అలా తీసేశాను.

3. రాయండి: పది కథలు, ఒక్కొక్కటి మూడు వేల మాటలు

మొదటి పుస్తకానికి నవల వద్దు. పది కథలైతే పత్రికలకు విడివిడిగా పంపవచ్చు, బలహీనమైన దాన్ని తీసేయవచ్చు. ముప్పై వేల మాటలంటే మామూలు కథల పుస్తకాల డెమ్మీ సైజులో దాదాపు 160 పేజీల పుస్తకం అవుతుంది.

రోజుకు మూడు వందల మాటలు చాలు. వేళ ఒకటే ఉండాలి. అర్ధరాత్రి రాస్తేనే భయం వస్తుందనుకోకండి. నేను ఉదయం అయిదింటికి రాస్తాను.

భయాన్ని ఎలా రాయాలని అడిగేవారికి సిద్ధాంతం చెప్పను. నా కథలోదే ఒక చోటు మొదట ఎలా ఉందో చూడండి:

"ఆ ఇంట్లో ఏదో తెలియని భయంకరమైన శక్తి ఉందని ఆమెకు అనిపించింది. వెన్నులో వణుకు పుట్టింది. గుండె వేగంగా కొట్టుకుంది."

మూడు నెలల తరువాత ఇలా మార్చాను:

"ఇంట్లో నలుగురు పడుకున్నారు. గడప దగ్గర అయిదు జతల చెప్పులు ఉన్నాయి. అయిదో జత తడిసి ఉంది. వాన కురిసి పదిరోజులైంది."

మొదటి దానిలో భయం అన్న మాట ఉంది, భయం లేదు. మీ రాతప్రతిలో "భయంకరమైన", "వింతైన", "ఏదో తెలియని", "ఒళ్లు గగుర్పొడిచే" అన్న మాటలు వెతికి కొట్టేయండి. కొట్టేసిన చోట చేత్తో తాకగల వస్తువు ఒకటి పెట్టండి. వస్తువు దొరకకపోతే ఆ వాక్యమే అక్కర్లేదు.

భాష గురించి ఒక మాట. వాడుక భాషలో రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చింది మా పర్లాకిమిడిలోనే. ఆ ఊళ్లో ఉండి నేను గ్రాంథికపు వాసన కొట్టే వాక్యం రాయలేను. కథనం అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉండనివ్వండి. సంభాషణల్లో మాత్రం మన సరిహద్దు పలుకుబడి, మధ్యలో ఒడియా మాట రానివ్వండి. "మావుసీ" అని పిలిస్తే పక్క వాక్యంలోనే ఆమె అమ్మ చెల్లెలని తెలిసిపోవాలి, కింద అర్థాలు రాసే అవసరం రాకూడదు.

4. గట్టిగా చదివి వినిపించండి, చేతులు చూడండి

నా కథలు మొదట వినేది మా పొరుగింటి మామ్మగారు. ఆమె చింతపండు పిక్కలు తీస్తూ వింటారు. కత్తిపీట మీద టక్కుటక్కుమని చప్పుడు. "బాగుందా మామ్మా?" అని అడిగితే ఎప్పుడూ బాగుందనే అంటారు, ఆ మాటతో నాకు పని లేదు. నేను చూసేది ఆమె చేతులను. కథ పట్టుకున్నచోట చప్పుడు ఆగుతుంది. ఒకసారి రెండు పేజీల పొడవునా పండు అలాగే చేతిలో ఉండిపోయింది. ఆ తరువాత నేను ఇష్టంగా రాసుకున్న వర్ణన ఒకటి వచ్చింది, అందులో రెండో వాక్యానికే టక్కుటక్కు మళ్లీ మొదలైంది. ఇంటికి వెళ్లి ఆ వర్ణన మొత్తం తీసేశాను.

మీరు కూడా అలాగే చేయండి. వినేవారికి చేతిపని ఒకటి ఇవ్వండి. చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ కదిలింది అని కాగితం అంచున పెన్సిలుతో గీత పెట్టుకోండి. కుర్రవాళ్లయితే ఫోను ముట్టుకున్న చోటు గుర్తు పెట్టండి.

తప్పు: రాసేవారికి, సాహిత్య మిత్రులకు మాత్రమే వినిపించడం. వాళ్లు శిల్పం గురించి మాట్లాడతారు. భయపడ్డారో లేదో చెప్పరు.

ఇదే సమయంలో మూడు కథలు వారపత్రికలకు, ఆదివారం అనుబంధాలకు పంపండి. అచ్చయితే మీ పేరు కొంతమందికి తెలుస్తుంది. తిరిగి వచ్చినా పుస్తకం ఆపవద్దు. ప్రతిలిపి వంటి ఇంటర్నెట్ వేదికల్లో కూడా ఒకటి రెండు పెట్టవచ్చు, అక్కడ తెలుగు దెయ్యాల కథలు చదివేవారు చాలామంది. కానీ పోటీలకు, ప్రత్యేక పథకాలకు ఒప్పుకునే ముందు హక్కుల షరతులు పూర్తిగా చదవండి. "ప్రత్యేక హక్కులు" అన్న మాట కనబడితే ఎన్నేళ్లకో, అచ్చు హక్కు మీకు మిగులుతుందో లేదో చూసుకోకుండా నొక్కవద్దు.

5. టైపు, ప్రూఫు: అందరూ ఇక్కడే దెబ్బతింటారు

మీరు యూనికోడ్‌లో టైపు చేస్తారు. చాలా ప్రెస్సుల్లో డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) ఇప్పటికీ యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో జరుగుతుంది. యూనికోడ్ నుంచి అనూకు మార్చే క్షణంలో మీ పుస్తకానికి చీడ పడుతుంది. ఎక్కువగా చెడేవి రెండేసి ఒత్తులున్న అక్షరాలు: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం. దెయ్యాల కథల్లో "స్త్రీ" అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. పొల్లు తరువాత విడిగా నిలవవలసిన మాటలు (బస్‌స్టాండ్ వంటివి), కొటేషన్ గుర్తులు, మూడు చుక్కలు కూడా పాడవుతాయి.

నా మొదటి పుస్తకం అయిదు వందల ప్రతులు అలా పోయింది. ప్రెస్సువారు మార్చి ఇచ్చిన పేజీలను కంప్యూటర్‌లో పైపైన చూసి సరే అన్నాను. కట్టలు ఇంటికి వచ్చాక తెరిస్తే ప్రతి "స్త్రీ" విరిగి ఉంది. ప్రెస్సువారు "మీరే ఒప్పుకున్నారు కదా" అన్నారు, సంతకం నాదే. అందులో నూట యాభై ప్రతులు రెండు వానాకాలాల తరువాత చెదల పాలయ్యాయి. అది మీకు జరగకూడదనే ఈ మెట్టు ఇంత వివరంగా రాస్తున్నాను.

దారులు రెండు. మొదటిది, యూనికోడ్‌లోనే పుస్తకం కూర్చగల డీటీపీ మనిషిని వెతకడం. ఉచితంగా దొరికే మండలి ఫాంటు లోపలి పేజీలకు బాగుంటుంది, శీర్షికలకు రామభద్ర పనికొస్తుంది. గిడుగు పేరుతో కూడా ఒక ఫాంటు ఉంది. అచ్చు వేయించే ముందు ఒక పేజీ కాగితం మీద తీసి చూడండి, తెర మీద ముద్దుగా కనిపించే అక్షరం కాగితం మీద సన్నబడవచ్చు. రెండోది, అనూలోనే చేయించక తప్పకపోతే కింది వరుస తప్పకండి:

- మార్చిన తరువాత మొత్తం కాగితం మీద అచ్చు తీయించండి. తెర మీద ప్రూఫు చూడవద్దు.
- ఒకరు యూనికోడ్ ప్రతి పైకి చదవాలి, ఇంకొకరు కాగితం చూడాలి.
- స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం వంటి ముప్పై మాటలను ఒక చీటీ మీద రాసి ఒక్కొక్కటీ వెతకండి.
- దిద్దిన తరువాత ఇచ్చే రెండో ప్రూఫులో దిద్దిన పంక్తి ఒక్కటే కాక దాని పైది, కిందిది కూడా చూడండి. ఒక తప్పు దిద్దుతూ పక్కన ఇంకొకటి చేయడం మామూలే.
- ఆఖరి పీడీఎఫ్ మీరు తెచ్చుకుని, ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అక్కడ అక్షరాలు చెదిరితే ఫాంట్లు ఫైలులో పొదగలేదని అర్థం.

మూడో ప్రూఫు చూడకుండా సంతకం పెట్టకండి.

6. కాగితాల పని

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) మన దేశంలో ఉచితం. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ సంస్థకు ఇంటర్నెట్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. సొంతంగా అచ్చేసుకునే రచయితలకూ ఇస్తారు. దీనికి వేలు అడిగేవారికి డబ్బు ఇవ్వకండి. అచ్చు పుస్తకానికి ఒక సంఖ్య, ఈ-పుస్తకానికి వేరే సంఖ్య ఉండాలి. సంఖ్య చేతికి వచ్చాకే అట్ట ఖాయం చేయండి.

కాపీరైట్ మీరు రాసిన క్షణం నుంచే మీది. మీ జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. నమోదు తప్పనిసరి కాదు. వివాదం వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది కాబట్టి కావాలంటే 500 రూపాయల రుసుముతో చేయించుకోవచ్చు. రాతప్రతి తారీకుతో మీకు మీరే ఈమెయిల్ పంపుకుని ఉంచడం కూడా మంచి అలవాటు.

చాలామందికి తెలియనిది: 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో ప్రచురణకర్త సొంత ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లో నిర్ణయించిన మూడు గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి పంపాలి. సొంతంగా వేసుకున్నప్పుడు ప్రచురణకర్త మీరే. నాలుగు ప్రతులు మొదటి కట్ట విప్పగానే పక్కన పెట్టండి.

7. అచ్చు: రెండు వందలు మించకండి

డెమ్మీ సైజు, 70 జీఎస్‌ఎం మ్యాప్లితో కాగితం, 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు అట్ట (జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే కొలత). మొదటి పుస్తకానికి ఇవి చాలు. ఒక ఫారానికి (ఒకేసారి అచ్చయి మడతపడే పేజీల కట్టకు) 16 పేజీలు, కాబట్టి మొత్తం పేజీలు పదహారుతో భాగించబడేలా చూసుకోండి. 160 అంటే సరిగ్గా పది ఫారాలు. 163 అయితే ఒక కథలో పేరా తగ్గించండి. ప్రెస్సువారు నవ్వినా సరే, ఆ మూడు పేజీలకు మీరు అదనంగా కాగితం కొంటారు.

రెండు వందల ప్రతులకు డిజిటల్ ముద్రణ నయం, అయిదు వందలు దాటితే ప్లేట్లు చేసి అచ్చేసే ఆఫ్‌సెట్. "మరో మూడు వందలు వేసుకుంటే ప్రతికి ఇంత తగ్గుతుంది" అని ప్రెస్సువారు తప్పక అంటారు. నిజమే, తగ్గుతుంది. ఆ మూడు వందలూ మీ మంచం కింద ఉంటాయి.

లెక్క ఒకటి వేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీ ప్రెస్సు చెప్పిన ధరతో మార్చుకోండి. ప్రతికి అచ్చు ఖర్చు 80, వెల 160 అనుకుందాం. మీరే నేరుగా అమ్మితే, తపాలా ఖర్చు కొన్నవారు భరిస్తే, మీకు మిగిలేది 80. దుకాణానికి 40 శాతం ఇస్తే 64 పోతుంది, మిగిలేది 16. ఇప్పుడు బంధువులకు, మిత్రులకు ముప్పై ప్రతులు ఊరికే ఇచ్చారనుకోండి. 2,400 రూపాయలు. ఆ లోటు పూడాలంటే దుకాణంలో నూట యాభై ప్రతులు అమ్ముడుపోవాలి. ఉచిత ప్రతులు ఎవరికి ఇవ్వాలో ముందే పదిమంది పేర్లు రాసుకోండి: సమీక్ష రాసేవారు, మీకు కథలు చెప్పినవారు, విన్నవారు. మిగతావారు మనవాళ్లే, కొంటారు.

అట్ట పూర్తి నలుపులో వద్దు. మ్యాట్ లామినేషన్ మీద వేలిముద్రలు, గీతలు కొట్టొచ్చినట్లు కనబడతాయి. నెత్తురు కారే అక్షరాల్లో పేరు రాయించకండి, తెలుగు గుణింతాలు ఆ కారే చుక్కల్లో కలిసిపోతాయి. అట్టను ఫోనులో బొటనవేలి గోరంత చేసి చెయ్యి చాపి చూడండి. పేరు చదవగలిగితే సరే.

ఎక్కడ వేయించాలన్నది మీ ఊరిని బట్టి ఉంటుంది. తెలుగు తెలిసిన ప్రెస్సు దగ్గరలో లేకపోతే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖలో అడగండి. ఎక్కడైనా ఒక్క నమూనా ప్రతి చేతికి వచ్చేదాకా మిగతావి మొదలుపెట్టనివ్వకండి. ఆ నమూనాను నడుమ దాకా పూర్తిగా విప్పి బల్ల మీద బోర్లించి రాత్రంతా ఉంచండి. పొద్దున పేజీ ఊడిందంటే బైండింగ్ జిగురు సరిలేదు.

ప్రతులు నేలకు ఆనించకండి, గోడకు తగిలించకండి. చెక్క పలకల మీద, ప్లాస్టిక్ చుట్టి, వానాకాలంలో పదిహేను రోజులకొకసారి తెరిచి చూడండి.

8. అమ్మండి: మనిషి మనిషికీ

మొదటి వంద ప్రతులు మీరు చేతులతో అమ్మాలి. ఇంకో దారి నాకు కనబడలేదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో తెలుగు సంఘాలు, గుడి కమిటీలు, ఉగాది సభలు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిగే చోట్లు ఒక జాబితా చేసుకోండి. సభలో ఒక కథను ఎనిమిది నిమిషాలు చదవండి, ఉత్కంఠ పతాకస్థాయికి వచ్చినచోట ఆపేయండి. మిగతాది పుస్తకంలో ఉందని చెప్పి కూర్చోండి. ఉపన్యాసం ఇవ్వకండి.

సరిహద్దు దాటితే పాతపట్నం, ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి. అక్కడి పుస్తకాల దుకాణాలకు అయిదేసి ప్రతులు మించి ఇవ్వకండి, రసీదు లేకుండా అసలు ఇవ్వకండి. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో సొంత దుకాణం తీసుకోవడం ఒక పుస్తకంతో తగదు. ఎవరి దుకాణంలోనైనా బల్ల మూల అడగండి. మూడు పుస్తకాలయ్యాక నలుగురు రచయితలు కలిసి అద్దె పంచుకోవచ్చు.

తపాలా విషయంలో పాత సలహాలు నమ్మకండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కట్టిన పుస్తకాన్ని తీసుకెళ్లి తూకం వేయించి, అసలు ఖర్చు తెలిశాకే తపాలా ధర ప్రకటించండి. ఒడిశా చిరునామాలు తెలుగులో రాయవద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఆరంకెల పిన్ పెద్దగా రాయండి. తెలుగులో రాసినందువల్ల నాకు తిరిగొచ్చిన కట్టలు ఆరు.

కొన్న ప్రతివారి పేరు, ఊరు, ఫోను నంబరు వారి అనుమతితో లెక్కల పుస్తకంలో రాసుకోండి. మీ అసలు ఆస్తి ఈ జాబితా. ఏడాదికి మూడుసార్లు మించి సందేశం పంపకండి. రోజూ శుభోదయాలు పంపేవారి నంబరును జనం మూసేస్తారు.

9. చదవలేని తెలుగువారికి గొంతుతో చేర్చండి

మన జిల్లాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా చదువుకుని, తెలుగు అక్షరం రాని పిల్లలు ఇంటింటా ఉన్నారు. ఇది నాకు బాధ కలిగించే సంగతి, అదే సమయంలో మీకు దొరికే అతిపెద్ద శ్రోతల గుంపు కూడా. వాళ్లకు దెయ్యం కథ తెలుగులో వినాలని ఉంటుంది.

ఫోను చాలు. గదిలో పరుపులు, దుప్పట్లు గోడకు నిలబెట్టండి, పంకా ఆపండి, తెల్లవారుజామున నాలుగింటికి రికార్డు చేయండి. ఒక్కొక్క కథ పదిహేను ఇరవై నిమిషాలు. నాటకీయంగా అరవకండి, పక్కన కూర్చున్నవారికి చెప్పినట్లు చెప్పండి. సంగీతం ఎక్కడి నుంచో దింపుకుని తగిలిస్తే హక్కుల ఫిర్యాదు వచ్చి మొత్తం పోతుంది. అసలు సంగీతం లేకపోతేనే భయం ఎక్కువ.

సరిచూసుకోవడం: రికార్డును చవక ఇయర్‌ఫోనులో ఒకసారి, ఫోను స్పీకరులో వంటగదిలో పెట్టి ఒకసారి వినండి. రెండింటిలోనూ మాట స్పష్టంగా ఉండాలి.

పదిలో మూడు కథలే ఉచితంగా వినిపించండి. మూడోదాని చివర పుస్తకం ఎక్కడ దొరుకుతుందో ఒక్క వాక్యంలో చెప్పండి. ఎవరైనా ఒడియాలోకి అనువదిస్తామని వస్తే సంతోషంగా ఒప్పుకోండి, కానీ ఏ కథలు, ఎన్నేళ్లు, మీకెంత అన్నది కాగితం మీద ఉండాలి.

10. ఏడాది తిరిగాక లెక్కల పుస్తకం తెరవండి

మూడు అంకెలు చూడండి. నేరుగా అమ్మినవి ఎన్ని, ఉచితంగా వెళ్లినవి ఎన్ని, కొన్నవారిలో "తరువాతిది ఎప్పుడు?" అని తమంతట తాము అడిగినవారు ఎందరు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం.

నూరు మంది కొంటే పదిహేను మంది అలా అడిగారంటే రెండో పుస్తకం మొదలుపెట్టండి, మళ్లీ రెండు వందలే వేయండి. ప్రతులు అమ్ముడుపోయాయి కానీ ఎవరూ అడగలేదంటే మొహమాటానికి కొన్నారు. అమ్మకం ఆపి నాలుగో మెట్టుకు వెళ్లండి, కొత్త చెవులు వెతకండి. అడిగినవారు ఉన్నారు కానీ ప్రతులు కదలలేదంటే కథలు బాగున్నాయి, చేరవేయడం సరిలేదు. తొమ్మిదో మెట్టు మీద మూడు నెలలు పెట్టండి.

రెండు పుస్తకాల తరువాత కూడా అయిదుగురు మించి అడగకపోతే సొంత డబ్బు పెట్టడం ఆపేయండి. ఏడాది పాటు కథలు పత్రికలకే పంపండి, భయాల పద్దు మాత్రం రాస్తూ ఉండండి. నా మూడో పుస్తకంలోని కథలన్నీ అలాంటి ఏడాదిలో పద్దుకెక్కినవే.